సమ్మతి యన నేమి?



గ్రంథాలయ సభలలో సాధారణముగా ఎవరును ఎత్తని విషయమిది. సంకోచము పెద్దలది, నష్టము ఆడపిల్లలది. అత్యాచారమను నేరమునకు చట్టము చెప్పు లక్షణములు తెలియని చోట "గాయమేది? కేకలు వేయలేదేమి?" అను ప్రశ్నలే తీర్పులగుచున్నవి.

ఈ నేరమును 1860 నాటి భారత శిక్షాస్మృతి 375వ సెక్షను నిర్వచించెను. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షను ఆ స్థానమున అమలులో నున్నది. న్యాయస్థానము విచారించునవి ముఖ్యముగా రెండు. స్త్రీ శరీరములోనికి చొరబడు లైంగిక కృత్యము జరిగెనా యనునది మొదటిది. అది ఎంత స్వల్పమైనను చాలును. రెండవది సమ్మతి. వాదప్రతివాదములలో అధికభాగము దీని చుట్టునే తిరుగును.

1972 మార్చిలో మహారాష్ట్రలోని దేశాయిగంజ్ పోలీసు స్టేషనులో రాత్రివేళ ఒక ఆదివాసీ బాలికపై అత్యాచారము జరిగినదని ఇద్దరు పోలీసువారిపై కేసు నడచెను. హైకోర్టు శిక్ష విధించెను. ఆమె దేహమున గాయములు లేవనియు, ప్రతిఘటించిన జాడలు కానరావనియు 1978లో సుప్రీంకోర్టు వారిని విడిచిపెట్టెను. తలుపులు మూసిన స్టేషనులో, ఖాకీదుస్తుల యెదుట, ఆ పసిది ఎట్లు ప్రతిఘటింపగలదో! మరుసటి యేడు నలుగురు న్యాయశాస్త్రాచార్యులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగలేఖ వ్రాసి, లొంగిపోవుట వేరు, సమ్మతించుట వేరని చాటిరి. మహిళా సంఘములు ఆందోళన సాగించెను. ఫలితముగా 1983లో చట్టము మారెను. పోలీసు నిర్బంధమున నున్న స్త్రీ విషయమున కృత్యము రుజువై, తాను సమ్మతింపలేదని ఆమె కోర్టులో చెప్పినచో, సమ్మతి లేదనియే న్యాయస్థానము భావింపవలెను.

2013 సవరణ ఇంకను ముందునకు పోయెను. మాటచేగాని సైగచేగాని స్త్రీ స్వచ్ఛందముగా, నిస్సంశయముగా తెలుపు అంగీకారమే సమ్మతి. ఎదిరింపలేదన్న ఒక్క కారణమున సమ్మతించినట్లు కాదు. ప్రాణభయము చూపి పొందిన అంగీకారము చెల్లదు. మత్తులో, తానేమి ఒప్పుకొనుచున్నదో తెలియని స్థితిలో ఇచ్చినదియు చెల్లదు. 18 ఏండ్లు నిండని బాలిక ఒప్పుకొన్నదన్న మాటకు విలువయే లేదు. (భార్యకు 18 ఏండ్లు నిండినచో భర్తకు ఈ సెక్షను వర్తింపదు. ఈ మినహాయింపు ఇంకను నిలిచియుండుట న్యాయముగా తోచదు.)

నేరము రుజువైనచో శిక్ష 10 సంవత్సరములకు తగ్గని కఠిన కారాగారము. యావజ్జీవము వరకు పోవచ్చును. ఫిర్యాదు ఏ స్టేషనులోనైనను ఈయవచ్చును. మా పరిధి కాదని త్రిప్పి పంపరాదు. ఆసుపత్రి ప్రభుత్వముదైనను, ప్రైవేటుదైనను వెంటనే ఉచితముగా చికిత్స చేయవలెను. అనుమతి లేక బాధితురాలి పేరు ప్రకటించినవారికి రెండేండ్ల వరకు జైలు. దేశాయిగంజ్ బాలిక పేరు ఇచ్చట చెప్పకపోవుట అందువలననే.