ఆరవ వ్రేలు

బిడ్డ పుట్టిన యింటికి చూడవచ్చిన పెద్దలు మొట్టమొదట లెక్కించునవి వ్రేళ్ళు. బొటనవ్రేలి ప్రక్కన మఱియొక చిన్న వ్రేలు కన్పట్టినచో కొందఱు అదృష్టమందురు. కొందఱు తల్లివైపు చూతురు. గ్రహణవేళ ఏమి చేసితివని ప్రశ్నింతురు. ఆ ప్రశ్నకు జీవశాస్త్రము నేడు ఇచ్చుచున్న సమాధానమును శ్రోతలకు విన్నవించుటయే మా యుద్దేశము.

కంటిలోని కణమునకును కాలిలోని కణమునకును జన్యుగ్రంథమొక్కటే. తెఱచిన పుటలు మాత్రము వేఱు. నాలుగే అక్షరములతో వ్రాయబడిన ఆ గ్రంథము డి.ఎన్.ఎ. అను దారము. రమారమి రెండు మీటర్ల పొడవుగల ఆ దారము, మిల్లీమీటరులో నూఱవవంతైనను లేని కణకేంద్రకములో ఇమిడియున్నది. అది చిందరవందరగా కుక్కిన నూలు కాదు. ఒక్కొక్క క్రోమోసోమునకు కేంద్రకములో తనదైన తావు కలదని జర్మను శాస్త్రజ్ఞుడు థియొడార్ బొవెరి 1909లో తలపోసెను. 1980 దశకపు ప్రయోగములు దానిని స్థిరపఱచినవి. కేంద్రకపు అంచుపొరను అంటియున్న జన్యువులు తఱచు మౌనముగా నుండును. కణము నరముగనో కండరముగనో రూపొందునపుడు, కావలసిన జన్యువులు కొన్ని ఆ యంచును వీడి లోపలికి జరుగును.

ఇక వ్రేళ్ళ సంగతి. మానవపిండమున నాలుగవ వారము చివర చేతిమొగ్గ పొడచూపును. పెక్కుమంది తల్లులకు అప్పటికి గర్భమైన సంగతియే నిశ్చయముగా తెలియదు. ఆ మొగ్గలో, చిటికెనవ్రేలు రాబోవు అంచున మాత్రమే, ‘సోనిక్ హెడ్జిహాగ్’ అను వింత పేరుగల జన్యువు పనిచేయవలయును. వ్రేళ్ళ సంఖ్యను, వరుసను దిద్దువానిలో అది ముఖ్యము.

దానిని మేలుకొలుపు మీట దాని చెంత లేదు. అదే క్రోమోసోముపై పది లక్షల అక్షరముల దూరమున, వేఱొక జన్యువు నడుమ దాగియున్నది. ఆ మీటలో ఒక్క అక్షరము తాఱుమాఱైనను, జన్యువు బొటనవ్రేలి వైపున కూడ మేలుకొని అదనపు వ్రేలు పుట్టింపగలదని 2003లో ఎడింబరో పరిశోధకులు చూపిరి. 2005లో జపాను పరిశోధకులు ఎలుకలలో ఆ మీటను తొలగింపగా కాళ్ళు పొట్టివై వ్రేళ్ళు లోపించినవి.

దీపమొక గదిలో, మీట మఱియొక గదిలో నున్నచో నడుమ తీగ కావలయును గదా! ఇచట తీగ లేదు; దారమే మడతపడును. ఎలుక పిండముల కాలిమొగ్గలలో, జన్యువు పనిచేయుచున్న కణములందు, మీటయు జన్యువును దరిచేరియుండుట సూక్ష్మదర్శినిలో కన్పట్టినది. అయినను సామీప్యమే సర్వకారణమని తొందరపడరాదు. కణములు నాడీకణములుగా మాఱునపుడు ఇదే జన్యువు మేలుకొనగా, దాని వేఱొక మీట దగ్గఱగుటకు మాఱు దూరమగుట 2019లో వెల్లడియైనది. ఏది కారణమో ఏది ఫలితమో తేల్చుటకు పరిశోధనలు సాగుచున్నవి.

కాని ఒక్క సంగతి తేలినది. ఆ అక్షరదోషము తల్లినుండి రావచ్చును, తండ్రినుండి రావచ్చును, బిడ్డయందే క్రొత్తగా కలుగవచ్చును. ఆరవ వ్రేళ్ళన్నిటికిని ఇదొక్కటే హేతువు కాదు. కాని ఆకాశమున గ్రహణము చూచినందున గర్భమున వ్రేలు మొలవదు. అవసరమైనచో శస్త్రవైద్యుడు ఆ వ్రేలిని తొలగింపగలడు. తల్లి మనస్సున నాటిన నిందను తొలగించుట ఏ శస్త్రమునకును సాధ్యము కాదు. అది మన చేతిలోని పని. ఊయల చెంత వ్రేళ్ళు లెక్కించునపుడు శ్రోతలు ఈ మాట జ్ఞప్తియందుంచుకొందురని ఆశించుచున్నాము.