ఊరి పక్కన కూర్చునే ఇంజనీరు

  పట్టాలు పుచ్చుకున్న పిల్లలు గౌన్లలో ఉడికిపోతున్నారు కాబట్టి మర్యాదలు మానేద్దాం.

మీ ముందు నిలబడ్డ ఈ రిటైర్డ్ ఇంజనీరు గ్రామీణ నీటి సరఫరా విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)గా ఉన్న రోజుల్లో, 2002 డిసెంబరులో, కేంద్రం స్వజలధార పథకం తెచ్చింది. ఖర్చులో పదో వంతు ఊరు వేసుకుంటే మిగతా 90 శాతం కేంద్రానిది. వినడానికి ఎంత సులువు! అతని పరిధిలోని ఒక చిన్న పంచాయతీ ఇల్లిల్లూ తిరిగి ఆ వాటా పోగు చేసింది. డబ్బు బ్యాంకులో ఉంది, దరఖాస్తు మాత్రం వెళ్లడం, తిరిగి రావడం. ఒకసారి తీర్మానం కాపీ లేదు. ఒకసారి బోరు నీటి పరీక్ష రిపోర్టు లేదు. ఇంకోసారి ట్యాంకు స్థలం పంచాయతీ పేరున లేదు. సర్పంచ్ గారు ఫైలును తువ్వాలులో మూటగట్టి తెచ్చి బల్ల మీద పెట్టారు. "సారూ, బోరు తవ్వించడం మాకొచ్చు. ఇది తవ్వడం రాదు." ఏఈ పంచాయతీ అరుగు మీద కూర్చుని కాగితాలన్నీ రాసిచ్చాడు. అది అతని ఉద్యోగంలో భాగమని ఏ జీవోలోనూ లేదు.

ఆ పనినే ఉద్యోగంగా మార్చింది గుజరాత్. 2002లోనే వాస్మో అనే సంస్థ పెట్టి, ఇంజనీర్లతో పాటు సామాజిక కార్యకర్తలనూ ఊళ్లకు పంపింది. పానీ సమితి అనే ఊరి నీటి కమిటీ ఏర్పాటు నుంచి నీటి పన్ను లెక్కదాకా పక్కన ఒక మనిషి ఉండేవాడు. 2019 నాటి జల్ జీవన్ మిషన్ నిబంధనల్లోనూ ఇదంతా ఉంది: మనిషికి రోజుకు 55 లీటర్లు, ప్రతి ఊరికీ కార్యాచరణ ప్రణాళిక, సగం మంది ఆడవాళ్లుండే నీటి కమిటీ, తోడుగా సహాయ సంస్థ. కానీ కుళాయి బిగిస్తే ఫొటో తీస్తారు, లెక్కకొస్తుంది. కమిటీతో కూర్చుంటే ఏ లెక్కకూ రాదు. అలాంటిచోట కమిటీ రిజిస్టరులోనే ఉంటుంది. మోటారు కాలితే ఎవరిని పిలవాలో, కరెంటు బిల్లు ఎవరు కట్టాలో ఎవరికీ తెలియదు.

ఊరి నీళ్ల గురించి మొదలుపెడితే ఆపలేకపోవడం ఈ ముఖ్య అతిథికి ఉన్న జబ్బు. ఇంట్లోవాళ్లు ఎప్పుడో విసిగిపోయారు, మీరు ఇంకాస్త ఓర్చుకోండి.

మీలో కొందరు ఆగస్టులో అమెరికా విమానం ఎక్కుతారు. అక్కడి నీటి సరఫరా వ్యవస్థల్లోనూ 90 శాతానికి పైగా పదివేల మందికి మించకుండా నీళ్లిచ్చేవే. అక్కడి తాగునీటి చట్టానికి 1996లో చేసిన సవరణ రాష్ట్రాల్లో నీటి వ్యవస్థల కోసం తక్కువ వడ్డీ అప్పుల నిధి పెట్టింది. ఒక గుమాస్తా, ఒక ఆపరేటరు మాత్రమే ఉన్న ఊరు ఆ అప్పు ఎలా అడగాలి? అందుకని ప్రాంతాలవారీగా ఎన్విరాన్‌మెంటల్ ఫైనాన్స్ సెంటర్లు పనిచేస్తున్నాయి. ఊరి పద్దులు చూసి, నీటి ధర తేల్చి, దరఖాస్తుకు సాయపడతాయి. వాటిలో కొన్ని ఉన్నదెక్కడ? న్యూ మెక్సికో, విచిటా స్టేట్ లాంటి విశ్వవిద్యాలయాల్లో!

మరి ఇక్కడో? నిన్న సాయంత్రం ఈ పెద్దమనిషి లైబ్రరీలో మీ ప్రాజెక్టు రిపోర్టులు తిరగేశాడు. ఆనకట్టలున్నాయి, నదుల అనుసంధానం ఉంది. గేటు బయట కనిపించే ఓవర్‌హెడ్ ట్యాంకు మీద ఒక్కటీ లేదు. సిగ్గుండాలర్రా! మాస్టార్లు నవ్వనక్కర్లేదు, తమరినీ కలిపే.

సివిల్ విభాగంలో ఒక గది, ఒక జీపు ఇవ్వండి. చుట్టుపక్కల పంచాయతీలకు ఫైనలియర్ పిల్లలు లెవెల్ సర్వే, నీటి పరీక్ష, వివరమైన ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్) చేసిపెడతారు. కామర్స్ వాళ్లనూ పిలవండి. ఎస్టిమేటు వేయడం వీళ్లకొచ్చు గానీ, నెలకు ఇంటికెంత వసూలైతే పంపు ఆపరేటరు జీతం గిట్టుతుందో తేల్చాల్సింది వాళ్లే. వైస్ ఛాన్సలర్ గారు తల ఊపుతున్నారు. సర్వీసులో ఇలాంటి తల ఊపులు చాలా చూశాం లెండి. గది ఏ అంతస్తులో ఇస్తారో భోజనాల దగ్గర చెప్పండి.