అంగడివీథికి గోడ యేది?

(జంటనగరముల వర్తకుల సమావేశమున మేము చేసిన ఉపన్యాసపు పాఠము)



పూర్వము నగరరక్షణ యనగా ద్వారములు మూయుటయే. ప్రొద్దు గ్రుంకినపిమ్మట కోటతలుపులు బిగించి లోపలివారు నిశ్చింతగా నిద్రించెడివారు. ఆ గోడలు నేడు లేవు. హైదరాబాదు పాతకోటకు గుర్తుగా పురానాపూలు దర్వాజాయు, దబీరుపురా దర్వాజాయు మాత్రము మిగిలియున్నవి. గోడలేని నగరమునకు గోడ యేది? ఒక వీథిలో కాపురముండువారును, వ్యాపారము చేయువారును, మూటలు మోయువారును ఒకరినొకరు ఎరిగి, ఒకరి కష్టమునకు మరియొకరు పరుగెత్తివచ్చుటయే నేటి గోడయని మా అభిప్రాయము. ఆ గోడ మన బజారులలో నెంతవరకు నిలిచియున్నది, ఎచ్చట కూలినది యను విషయమునే నేడు మీతో ముచ్చటింపగోరుచున్నాము.

రక్షణ యనిన వెంటనే వర్తకునకు దొంగ జ్ఞప్తికి వచ్చును. దొంగవెంట తాళమును, కావలివాడును, కెమెరాయును జ్ఞప్తికి వచ్చును. ఇది సహజమే. కాని యీ కొలది సంవత్సరములలో మన అంగడివీథులలో ఎక్కువ ప్రాణములను బలిగొన్న శత్రువు ఎవరు? 2022 మార్చి 23న బోయిగూడలో పాతసామానుల గోదాముపై నిదురించుచున్న 11 మంది బీహారు కూలీలు అగ్నికి ఆహుతియైరి. అదే సంవత్సరము సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో విద్యుత్తు ద్విచక్రవాహనముల దుకాణమున పుట్టిన మంట పైనున్న వసతిగృహమున దిగిన 8 మందిని పొట్టబెట్టుకొన్నది. 2023 మార్చి 16న స్వప్నలోకు భవనసముదాయములో, పొట్టకూటికై జిల్లాలనుండి వచ్చిన ఆరుగురు యువతీయువకులు పొగలో ఊపిరాడక మరణించిరి. 2025 మే 18 ఉదయమున చార్మినారుచెంత గుల్జారుహౌజువద్ద, క్రింద అంగళ్లును పైన కాపురమును గల ఇంటిలో, పసిపిల్లలతోకూడ 17 మంది అసువులు బాసిరి.

మంట పుట్టుటకు ఒక్కొక్కచోట ఒక్కొక్క కారణ ముండవచ్చును. మనుష్యులు చచ్చుటకు కారణము మాత్ర మించుమించు ఒక్కటియే. బయటికి పోవుటకు త్రోవ లేకపోయినది. ఉన్న మెట్టులదారి పొగగొట్టమైనది. ఇరుకైన సందును సామాను ఆక్రమించిన బజారులు మనకు కొల్లలుగా కలవు. నేలమాళిగ వాహనములకని కట్టి గోదాముగా మార్చుట మన కలవాటైనది. ఈ పనులను దొంగలు చేయలేదు. అద్దె కాశించిన యజమానియు, స్థలము చాలని వర్తకుడును, చూచి చూడనట్లు పోయిన అధికారియు కలిసి చేసినారు. మాట కఠినముగా నున్నచో మన్నింపుడు. పదునేడు శవములు ఒక్క యింటినుండి వెడలిన యూరిలో మెత్తని మాటలకు వేళ కాదు.

కెమెరాల మాట చెప్పెదము. 2013లో చేయబడిన ప్రజాభద్రతా చట్టముప్రకారము ఒక్కసారి 100 మంది గాని, దినమునకు 500 మంది గాని గుమిగూడు సంస్థలు కెమెరాలను పెట్టి, చిత్రములను 30 దినములు భద్రపరుపవలెను. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులోను గోకుల్ చాట్‌లోను, 2013 ఫిబ్రవరి 21న దిలుసుఖునగరులోను ప్రేలుడులను చవిచూచిన నగరమున నిట్టి చట్టము పుట్టుటలో వింత లేదు. కెమెరా నేరస్థుని పట్టి యిచ్చుటలో సాయపడినదని మేమును అంగీకరించెదము. కాని కెమెరా చూచునేగాని చేయి చాచదు. పొగలో చిక్కినవానికి త్రోవ చూపదు. మరియు ఒకరిని కాపాడు కన్నే మరియొకరిని వెంటాడు కన్ను కావచ్చును. పోలీసులు ముఖములను గుర్తించు యంత్రములను వాడుటను ప్రశ్నించుచు తెలంగాణ ఉన్నతన్యాయస్థానమున వ్యాజ్యము దాఖలైనది. కావున వీథికి కెమెరా నిచ్చు వర్తకులు, దాని చిత్రములను ఎవరు చూచెదరు, ఎన్నాళ్లుంచెదరు, తప్పు జరిగిన ఎవరు జవాబుదారులు అను మూడు ప్రశ్నలను వేసి, జవాబును వ్రాతమూలకముగా పొందవలెను.

పోలీసులును పౌరులును కలిసి పనిచేయుట మనకు క్రొత్త కాదు. 1920 మొదలు 1934 వరకు ఈ నగరమునకు కొత్వాలుగా నుండిన రాజబహద్దరు వెంకటరామారెడ్డిగారి పేరు నేటికిని జనులు తలచుటకు ఆయన లాఠీ కారణము గాదు. 1918లో రెడ్డి హాస్టలు స్థాపనకు పూనుకొని, విద్యాసంస్థల పెంపునకు పాటుపడిన పౌరుడు ఆయనలో ఉండెను. జనులు నమ్మిన అధికారికి వేయి కన్నులుండును.

మరియొక ఉదాహరణము. మహారాష్ట్రమున భివండి మరమగ్గముల పట్టణము. మన తెలుగు నేతపనివారును వేలకొలదిగా వలసపోయి బ్రతుకుచున్న యూరు. అచ్చట 1984లో ఘోరమైన మతకలహములు జరిగినవి. 1988లో పోలీసు అధికారిగా వచ్చిన సురేశ్ ఖోపడేగారు వాడవాడకు మొహల్లా సంఘములను ఏర్పరచి, ఇరుమతముల సామాన్యులను పోలీసులతోకూడ ఒక్క చాపపై కూర్చుండబెట్టిరి. 1992 డిసెంబరునందును, 1993 జనవరియందును బొంబాయి మండుచుండగా, ప్రక్కనున్న భివండి చల్లగా నుండెను. కలహము పుట్టిన దినమున పరిచయము చేసికొనుట సాధ్యము గాదు. పరిచయము ముందుగనే యుండవలెను.

మన కండ్లయెదుట సైబరాబాదున 2006లో పోలీసులును, సాంకేతికసంస్థలును కలిసి భద్రతామండలి నొకదానిని స్థాపించిరి. స్త్రీలు పనిస్థలములకు నిర్భయముగా పోయివచ్చుటకు బండ్లు నడుపుట మొదలగు పనులు దానివలన జరిగినవి. అది మెచ్చదగినదే. అయినను బేగంబజారు సైబరాబాదు గాదు. అచ్చట ఒక్క సంస్థకు వేలకొలది ఉద్యోగులు. ఇచ్చట ఒక్క సందునకు వందలకొలది యజమానులు. అచ్చట ప్రహరీగోడలు, ఇచ్చట గోడకు గోడ యానుకొన్న అంగళ్లు. నా దుకాణమున నేను జాగ్రత్తగా నున్నాను, నాకేమి యనుటకు ఇచ్చట వీలులేదు. ప్రక్కవాని తీగ కాలిన మన కప్పు కాలును. కావున మనకు గావలసినది సందుకొక సంఘము.

ఆ సంఘమున ఎవరుండవలెను? ఇదియే ముఖ్యప్రశ్న. యజమానులు మాత్రమే కూర్చున్నచో అది వర్తకసంఘమగును గాని రక్షణసంఘము గాదు. మూట మోయు హమాలీకి ఏ మెట్టులపై సామానున్నదో తెలియును. రాత్రి పదిగంటలకు అంగడి కట్టి బస్సుకై నడచు ఆడపిల్లకు ఏ మలుపున దీపము లేదో తెలియును. మేడపైన కాపురమున్న ముసలమ్మకు ఏ తలుపు లోనుండి తెరువరాదో తెలియును. రోడ్డుప్రక్క తోపుడుబండివానికి వీథిలోని క్రొత్తముఖ మేదో మనకంటె ముందు తెలియును. వీరెల్లరు సంఘమున నుండవలెను.

తోపుడుబండ్ల ప్రసంగము వచ్చినది గావున స్పష్టముగ చెప్పెదము. పెక్కు నగరములలో బజారు భద్రత యను పేరున మొట్టమొదట జరుగు పని పేదవాని బండిని తరుముట. ఇది రక్షణ యని మే మంగీకరింపము. 2014 నాటి వీథివర్తకుల చట్టము పట్టణ విక్రయసంఘములలో నూటికి 40 కి తక్కువగాకుండ వీథివర్తకుల ప్రతినిధులుండవలెననియు, వారిలో మూడవవంతు స్త్రీలుండవలెననియు శాసించినది. అగ్నిమాపకశకటమునకు త్రోవ విడువవలసినదే. అందు సందేహము లేదు. గీత గీచి బండివానికి చోటు చూపుడు, అదే గీత మీ అంగడిమెట్లకును వర్తింపజేయుడు. న్యాయము ఇరుప్రక్కల నున్నప్పుడే గీత నిలుచును.

ఇక ధనము. కెనడాదేశమున టొరాంటో నగరములో 1970లో బ్లూరు వెస్టు విలేజి యను బజారువారు తమపై తామే పన్ను విధించుకొని వీథిని బాగుచేసికొనిరి. ఆ పద్ధతి తరువాత పెక్కు దేశములకు ప్రాకినది. మనవారును చందాలు వేసికొనవచ్చును. కాని రెండు కట్టుబాట్లుండవలెను. మొదటిది, ప్రతి పైసకు లెక్క సంఘమున బహిరంగముగ చదువబడవలెను. రెండవది, చందా యిచ్చినవానికి పోలీసుఠాణాలో పెద్దపీటయు, ఈయనివానికి చిన్నపీటయు వేయరాదు. రక్షణకు ధర గట్టిన దినమున ధనవంతుని వీథి రక్షింపబడును, పేదవాని వాడ విడువబడును. నీటికొళాయిలు, వీథిదీపములు, అగ్నిమాపకదళము ప్రభుత్వము విధిగా చేయవలసినవి. మన చందా వానికి తోడుగా నుండవచ్చును గాని వానికి బదులు కారాదు. పన్ను కట్టిన ప్రజలు వానిని అడిగి పుచ్చుకొనవలెను.

కర్తవ్యము లెవ్వి యందురా? మేము గొప్ప ప్రణాళికలను తేలేదు. ప్రతిసందునకు పదుగురు పెద్దలు నెలకొకసారి, అగ్నిమాపక, విద్యుచ్ఛాఖలవారిని వెంటబెట్టుకొని సందంతయు నడచిచూడవలెను. ఏ కప్పుక్రింద రాత్రి ఎందరు నిద్రించుచున్నారో ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. బోయిగూడవంటిచోట ఆ లెక్క ప్రాణముల లెక్క యగును. కూలివాడు లోపల నుండగా బయట తాళము వేయుట మానవలెను. మెట్లపైని సామానును తొలగింపవలెను. అంగడులలో పనిచేయు స్త్రీలు పోవు త్రోవలలో దీపములు వెలుగుచున్నవో లేదో చూచుట ఒకరి వంతుగా నుండవలెను. 101, 112 అను సంఖ్యలు పనికుఱ్ఱలకును నోటికి రావలెను.

గుల్జారుహౌజు దుర్ఘటన దినమున ఆ వీథిలోని గాజులవర్తకులు కొందరు, అన్యమతస్థులైనను, పొరుగువారిని కాపాడుటకు మంటలలోనికి చొరబడ ప్రయత్నించిరి. వారికెవరును ఆజ్ఞ యీయలేదు, జీత మీయలేదు. గోడ యిచ్చటనే యున్నది, సోదరులారా! దానికి మన మొక క్రమమును, ఒక త్రోవను ఏర్పరచియుండిన ఎందరు బ్రతికియుందురో యని తలచిన గుండె చెరువగుచున్నది.

ఈ సభ ముగిసినపిమ్మట మీరు మరల అంగళ్లకు పోయెదరు. ఈ రాత్రి షట్టరు దించుటకు ముందు ఒక్కసారి దీపము పట్టుకొని మీ భవనపు మెట్లెక్కి చూడుడు. పైన ఎవరున్నారో పలుకరింపుడు. దారిలో కాలికి తగిలిన మూటను మీచేతులతోనే ప్రక్కకు తీయుడు. రేపటి సంఘమునకు అదియే మొదటి తీర్మానము.