డిసెంబరు సెలవులకు డాలస్ దాకా

డిసెంబరు వచ్చిందంటే ఇబ్రహీంపట్నంలో కొన్ని ఇళ్లలో పెట్టెలు సర్దడం మొదలవుతుంది. అమెరికాలోని డాలస్‌లో ఉంటున్న పిల్లలు క్రిస్మస్ సెలవుల్లో ఇంటిపట్టున ఉంటారు, అందుకే అమ్మానాన్నలు అక్కడికి ప్రయాణం పెట్టుకునేది అప్పుడే. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక, ఔటర్ రింగు రోడ్డు పడ్డాక ఇల్లు దాటి విమానం ఎక్కడం సులువైంది.

జాగ్రత్తంతా పెట్టెలోనే. పచ్చి పండ్లు, కూరగాయలు, మాంసం అమెరికాలోకి చాలామటుకు రానివ్వరు. బిడ్డ కోసం ఎంత ప్రేమగా కట్టినా మటన్ పచ్చడి ఆమె దాకా చేరదు. సకినాలు, మామిడికాయ తొక్కు సాధారణంగా ఫర్వాలేదు. అయితే తినే వస్తువు ఏదున్నా అధికారికి ముందే చెప్పాలి, దాస్తే జరిమానా పడవచ్చు.

చలికాలంలో డాలస్ గడియారం మనకన్నా పదకొండున్నర గంటలు వెనక. పగలు రాత్రవుతుంది, పెద్దలకు నిద్ర కుదరడానికే కొన్ని రోజులు పడుతుంది.

దిగిన రోజే వాళ్లను ఊళ్లు తిప్పకండి. మందులు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే పెట్టి పంపండి.