ముందు పొయ్యి వెలిగించండి



ఈ సభలో క్రీస్తును నమ్మినవాళ్ళం ఉన్నాం, వేల్పులను కొలిచేవాళ్ళూ ఉన్నారు. మనందరివీ ఒకే ఇంటిపేర్లు, ఒకే భాష. అందుకే మేము వాక్యం బోధించడానికి నిలబడలేదు. మేము నేర్చుకున్న ఒక సంగతి మీతో చెప్పుకుందామని వచ్చాం.

2022 జూలై గుర్తుందా? భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంత వరద రాలేదు. ఊళ్ళకు ఊళ్ళు గుట్టలెక్కాయి. మా సంఘంవాళ్ళం ఒక పరదా కింద చేరి ప్రార్థన మొదలుపెట్టాం. తడవకుండా మోసుకొచ్చిన బియ్యం బస్తా ఒకటి మా దగ్గర ఉంది. పక్క పరదా కింద పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. అది మా ఊరి వడ్డెగారి కుటుంబం. పండుగ చందాల దగ్గర గొడవపడి, ఏడాదిగా వాళ్ళకూ మాకూ మాటల్లేవు. ఏడుపు వినబడుతూనే ఉంది. మేము కళ్ళు మూసుకునే ఉన్నాం.

మాలో ఒక ముసలమ్మ లేచింది. "ప్రార్థన తర్వాత చేసుకుందురు గానీ, ముందు పొయ్యి వెలిగించండి" అంది. సిగ్గుతో తలలు వంచుకుని లేచాం. ఆ రాత్రి రెండు కుటుంబాలకూ ఒకే గిన్నెలో గంజి కాచాం. తెల్లారేసరికి ఆ వడ్డెగారే వెదురు నరుక్కొచ్చి, గాలికి ఒరిగిన మా పరదాను నిలబెట్టారు.

యేసు చెప్పిన మంచి సమరయుని కథ ఆ రోజు మాకు అర్థమైంది. దెబ్బలు తిని దారిలో పడివున్నవాణ్ణి చూసి గుడిలో సేవ చేసే ఇద్దరూ పక్కగా వెళ్ళిపోయారు. యూదులు దూరం పెట్టిన సమరయుడు మాత్రం ఆగి, గాయాలకు కట్టు కట్టి, సత్రానికి చేర్చి, ఖర్చుకు డబ్బు కూడా ఇచ్చాడు. నీ దేవుడెవరని మాత్రం అడగలేదు.

సాయానికి షరతు పెడితే అది బేరం అవుతుంది. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ అనే మిషనరీ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్నవాళ్ళకు పని, కూలి ఇప్పించాడు. కరువు కాలంలో మాత్రం బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం ఎవరూ మతంలోకి రాకూడదని ఆయన పట్టుదల. అన్నం పెట్టే చేతికి ఆ నిజాయితీ ఉండాలి.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మన గూడేల్లో చెయ్యవలసిన పనులు చిన్నవే. రోడ్డు లేని ఊరి నుంచి గర్భిణిని డోలీలో మోస్తుంటే, నాలుగు భుజాలు అలిసేలోపు మరో నాలుగు భుజాలు అందాలి. చదువుకున్న మనం అటవీ హక్కుల దరఖాస్తు రాసిపెట్టాలి, పింఛను కోసం వేలిముద్ర పడని తాతను మీసేవకు తీసుకెళ్ళాలి. అందుకు పది రూపాయలు కూడా తీసుకోవద్దు.

ఇంకొక మాట. మన ఆదివాసీల్లో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. ఆ జన్యువు తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెళ్ళికి ముందే రక్త పరీక్ష చేయించుకోండి, మీ స్నేహితులనూ వెంటబెట్టుకెళ్ళండి. జబ్బు ఉన్నవాళ్ళకు రక్తం కావాలంటే వరుసలో ముందు నిలబడండి. రక్తానికి మతం లేదు.

మేము ప్రార్థన మానలేదు, మానం కూడా. అయితే ఇప్పుడు కళ్ళు మూసుకునే ముందు పక్కింటి పొయ్యి వెలిగిందో లేదో చూస్తున్నాం. ఇవాళ ఇంటికి వెళ్ళాక మీరూ ఒక్కసారి చూడండి. మాటల్లేని ఇల్లు ఏదైనా ఉంటే, అక్కడి నుంచే మొదలుపెట్టండి.