చెత్త మనది, చెయ్యి ఆమెది



మదనపల్లె అంటే టమోటా. కుళ్లిన టమోటా, కూరల తొక్కలు, మిగిలిపోయిన అన్నం ఇవన్నీ మట్టిలో కలిసి ఎరువయ్యేవే. పాల ప్యాకెట్టూ బ్లేడూ కూడా అదే బుట్టలో పడేస్తే ఎరువు కాదు, కంపే మిగులుతుంది.

ఆ తప్పు నేనూ చేశాను. పగిలిన గాజు గ్లాసు తొక్కల్లో పారేశాను. బండితో వచ్చినావిడ చెయ్యి తెగింది. "పరవాలేదులేమ్మా" అంది గానీ, ఆ పూట నాకు అన్నం సయించలేదు.

తడి, పొడి, ప్రమాదకరమైన చెత్త వేరుచెయ్యాలని 2016 నాటి కేంద్ర నియమాలు చెప్పాయి. మన రాష్ట్రంలో 2021 అక్టోబరు 2న ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టల పథకం మొదలైంది. వెంట వచ్చిన చెత్త పన్ను మీద ఎంతోమంది గొణిగారు. 2024లో దాన్ని ఎత్తివేశారు. పన్ను పోతే బాధ్యత కూడా పోయినట్టేనా చెప్పండి?

ఎప్పుడో 2000 తర్వాతి తొలి ఏళ్లలోనే సూర్యాపేట గృహిణులు రెండు బుట్టలు అలవాటు చేసుకున్నారు. తడి చెత్త ఎరువయింది, పొడి చెత్త అమ్ముడుపోయింది. వాళ్లు చేసింది మనకు చేతకాదా?

తొక్కలు ఒక బుట్టలో, కాగితం, ప్లాస్టిక్కు మరొకదాంట్లో వెయ్యండి. గాజు పెంకులు, బ్లేడ్లు మందపాటి కాగితంలో చుట్టి, బండి వచ్చినప్పుడు చెప్పి ఇవ్వండి. శానిటరీ ప్యాడ్లూ పొట్లం కట్టి విడిగా ఇవ్వండి. పిల్లలకూ, మగవాళ్లకూ ఈ అలవాటు చెయ్యండి. ఇందుకు పట్టేది రోజుకు రెండు నిమిషాలే.