ఎవరి నోటు వారే రాయాలి

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విశ్రాంత జీవితంలో కాలక్షేపం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నాకు ముందు మాట్లాడిన మిత్రులు యోగాసనాల గురించీ, తీర్థయాత్రల గురించీ, పెరటి మొక్కల గురించీ చక్కగా సెలవిచ్చారు. నేను చెప్పబోయేది వింటే మీకు నవ్వు రావచ్చు. డెబ్బై అయిదేళ్ల వయసులో నేను కంప్యూటరులో వేషం కడుతున్నాను.

2021లో మా ఇంటావిడ కాలం చేసింది. ఆ తరువాత రెండేళ్లపాటు నేను పేపరు చదవడం, గోడ వంక చూస్తూ కూర్చోవడం తప్ప మరో పని చేయలేదు. మా అమ్మాయి కొడుకు బెంగుళూరులో ఉద్యోగం. వాడు ఒకసారి సెలవులకు వచ్చి, "తాతయ్యా, మేం కొందరం స్నేహితులం ఒక ఆట ఆడుతున్నాం. అందులో బొమ్మలుండవు, చప్పుళ్లుండవు. అన్నీ రాతలే. మీకు చెవి సరిగా వినపడకపోయినా ఇబ్బంది లేదు. చేరతారా?" అని అడిగాడు. ముప్పై నాలుగేళ్లు రాతపనే చేసినవాణ్ణి. సరే అన్నాను.

ఆట సంగతి క్లుప్తంగా చెబుతాను. తలొక ఊరిలో ఉన్నవారు తలొక పాత్రను కల్పించుకుంటారు. ఆట నడిపేవారు ఒకరు సన్నివేశం రాస్తారు. "సాయంకాలం. రేవులో వాన. ఒడ్డున లాంతరు వెలుగుతోంది." ఇక ఎవరి పాత్ర ఏమన్నదో, ఏమి చేసిందో వారు రాస్తారు. తొందర లేదు. ఈ రోజు నేను రాస్తే ఎల్లుండి మరొకరు రాయవచ్చు. మన రిక్రియేషన్ క్లబ్బు నాటకాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అక్కడ రచయిత రాసిన సంభాషణ మనం వల్లెవేసేవాళ్లం, మరిచిపోతే తెర వెనుక నుంచి ప్రాంప్టరు అందించేవాడు. ఇక్కడ రచయితా లేడు, ప్రాంప్టరూ లేడు. ముగింపు ఏమిటో నడిపేవారికి కూడా తెలియదు.

ఇది నిన్న మొన్న పుట్టినదనుకున్నాను. కాదట. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజెన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను అచ్చువేశారు. బల్ల చుట్టూ కూర్చుని నోటితో ఆడే ఆట. మూడు పాచికలు వేసి, వచ్చిన మొత్తాన్ని బట్టి పాత్రకు బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ అనే ఆరు గుణాలు కేటాయించేవారు. ఏ గుణానికైనా మూడుకు తగ్గదు, పద్ధెనిమిదికి మించదు. తరువాత 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి, ఒకే ప్రపంచంలో అనేకమంది ఒకేసారి తిరగగలిగే ఆటను కంప్యూటరుకు ఎక్కించడం మొదలుపెట్టాడు. రిచర్డ్ బార్టిల్ అనే సహ విద్యార్థి దాన్ని అందుకుని ముందుకు తీసుకుపోయాడు. దాని పేరు మడ్. బురద అని కాదు లెండి, మూడు ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలవి. తెర మీద గది వర్ణన వస్తుంది. "ఉత్తరం" అని కొడితే ఉత్తరం వైపు గదిలోకి పోతాం. అక్కడ మరో మనిషి ఉంటే పలకరించవచ్చు. బయటివారిని యంత్రానికి వేరే పని లేని రాత్రివేళల్లో ఆడనిచ్చేవారట. 1989లో అమెరికాలో జేమ్స్ ఆస్ప్‌నెస్ అనే విద్యార్థి రాసిన టైనీమడ్‌లో పోరాటాలు తగ్గి, కబుర్లూ, ఎవరి గదులు వారు కట్టుకోవడమూ ఎక్కువయ్యాయి. మా మనవడి ఆట ఆ వంశంలోదే.

ఇక పాత్ర తయారీ. మావాడు ఒక నమూనా పంపించాడు. చూడగానే సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ జ్ఞాపకం వచ్చింది. పేరు, వయసు, ఆనవాళ్లు, వృత్తి, నైపుణ్యాలు, లోపాలు, కోరిక, భయం. నేను రాత్రంతా కూర్చుని ఒక వీరుణ్ణి తయారుచేశాను. ఇరవై అయిదేళ్లవాడు, అందగాడు, కత్తిసాములో మేటి, సత్యసంధుడు. లోపాల కాలంలో "లేవు" అని రాశాను. మర్నాడు ఫైలు తిరిగి వచ్చింది. "తాతయ్యా, లోపం లేనివాడికి కథ లేదు. పైగా వీడు మీకు తెలిసిన మనిషిలా లేడు" అని రిమార్కు. సర్వీసు రిజిస్టరులో శిక్షల కాలం ఖాళీగా ఉంటే మనకు గౌరవం. పాత్ర విషయంలో అది అనర్హత అన్నమాట.

అప్పుడు నాకు తెలిసిన మనిషి కోసం వెతుక్కున్నాను. 1974లో కొవ్వూరు, రాజమండ్రిల మధ్య రోడ్డు, రైలు వంతెన రాకముందు మా చిన్నతనమంతా గోదావరి రేవుల్లోనే గడిచింది. ఆ రేవులనుంచి ఒక సరంగును తెచ్చాను. అరవై ఏళ్లు, చత్వారం, నది పోటూ పాటూ తెలిసినవాడు. లోపం: ఎవరిమాటా వినడు, అందరికీ దారి తానే చెబుతాడు. ఈ చివరి మాట ఎందుకు రాశానో అప్పుడు ఆలోచించలేదు. మావాడు వెంటనే మంజూరు చేశాడు.

మొదటి నెల బాగానే నడిచింది. తరువాత ఒక సన్నివేశంలో, ఇల్లు వదిలి వచ్చిన ఒక అమ్మాయి వానలో రేవుకు చేరింది. ఆ పాత్రను రాస్తున్నది ఎవరో నాకు తెలియదు. నాకు ఉత్సాహం వచ్చింది. సరంగు ఆమెకు నాలుగు మంచి మాటలు చెప్పాడనీ, ఆమె కన్నీళ్లు పెట్టుకుని తప్పు ఒప్పుకుందనీ, చేయి పట్టుకుని ఇంటి దగ్గర దిగబెట్టాడనీ ఒకటిన్నర పేజీ రాసి పంపించాను. ఎంతో బాగా రాశాననుకున్నాను.

ఒక రోజంతా ఎవరూ ఏమీ రాయలేదు. ఆటలో పాత్ర మాట కాకుండా మన సొంత మాట చెప్పాలంటే జంట బ్రాకెట్ల మధ్య రాయడం ఆనవాయితీ. ఆ జంట బ్రాకెట్ల మధ్య ఒక వాక్యం వచ్చింది: "సరంగుగారూ, నా పాత్ర ఏడ్చిందో లేదో నేను రాయాలి కదండీ." ఈ ఆటలన్నిటిలో మొట్టమొదటి నియమం ఇదేనట. నీ పాత్ర ప్రయత్నాన్ని నువ్వు రాయి, ఫలితాన్ని ఎదుటివారికి వదిలిపెట్టు. మావాడు నా రాతను పక్కన పెట్టి, సన్నివేశాన్ని మళ్లీ వాన దగ్గరికి తెచ్చాడు.

నాకు కోపం వచ్చింది. పిల్లకాయలు నాకు రాత నేర్పుతారా అని నాలుగు రోజులు ఆ వైపు చూడలేదు. అయిదో రోజున ఒక పాత సంగతి మనసులో మెదిలింది. సర్వీసులో ఒకసారి ఒక అధికారి నేను రాసిన నోటు చింపించి, తనకు కావలసిన నోటు చెప్పి రాయించి, కింద నా సంతకం పెట్టించుకున్నారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఆఫీసులో ఫైలు తిరిగేటప్పుడు గుమస్తా నోటు గుమస్తాది, సూపరింటెండెంటు నోటు సూపరింటెండెంటుది. పైవారు విభేదించవచ్చు, కింద తమ మాట రాయవచ్చు. మన చేతి రాతను మార్చకూడదు. ముప్పై నాలుగేళ్లు ఈ ధర్మం మీద బతికినవాణ్ణి, రేవులో ఆ అమ్మాయి నోటు నేనెందుకు రాశాను?

సోదరులారా, అక్కడితో ఆగలేదు. 1996లో మా అమ్మాయి ఇంటర్ ప్యాసయింది. తెలుగు సాహిత్యం చదువుతానంది. కాలేజీ దరఖాస్తు ఫారం నేను తెచ్చి, నేనే నింపాను. బి.కాం. అని రాశాను. మంచికే రాశాననుకున్నాను, ఇన్నేళ్లూ ఆ సంగతి తలచుకోలేదు. ఆ ఆదివారం అమ్మాయి వచ్చినప్పుడు ఆట సంగతి చెప్పి, "ఆ ఫారం జ్ఞాపకం ఉందా అమ్మా?" అని అడిగాను. బియ్యం ఏరుతున్నది తల ఎత్తలేదు. "ఎందుకు లేదు నాన్నగారూ. అంతా మీ దస్తూరీ. సంతకం ఒక్కటి నాది" అంది.

నేనేమీ అనలేకపోయాను. కాసేపటికి తనే, "ఇంతకీ ఆ రేవులో అమ్మాయి ఏమైంది?" అని అడిగింది.

ఆ రాత్రి మళ్లీ రాశాను. ఈసారి మూడు వాక్యాలే. "సరంగు లాంతరు ఒత్తి పెంచాడు. తాడు విప్పకుండా పడవను ఒడ్డుకు ఆనించి పట్టుకున్నాడు. 'ఎక్కడికమ్మా?' అని అడిగాడు." అంతటితో ఆపాను. ఆపడం ఎంత కష్టమో రాసేవాడికే తెలుస్తుంది. రెండు రోజులు ఎదురుచూశాను. మూడో రోజు జవాబు వచ్చింది. ఆ అమ్మాయి పడవ ఎక్కింది. ఇంటికి కాదు, అవతలి ఒడ్డుకు తీసుకుపొమ్మంది. నేను తీసుకుపోయాను. దారిలో ఆమె చెప్పిన కథ నేను కల్పించిన కన్నీళ్లకన్నా ఎంతో బాగుంది.

చేరదలచినవారికి నా అనుభవంతో కొన్ని సూచనలు. మొదట మీ పిల్లలో మనవలో ఉన్న చోటనే చేరండి. వారం రోజులు ఏమీ రాయకుండా ఇతరులు రాసినది చదవండి. పాత్రకు ఒక కోరిక, ఒక భయం, ఒక లోపం తప్పనిసరి. నాలుగైదు వాక్యాలకు మించి రాయవద్దు, చివర ఎదుటివారికి అందుకోవడానికి ఏదో ఒకటి వదలండి. ఓడిపోవడానికి సిద్ధంగా ఉండండి. పాచికలు యంత్రమే వేస్తుంది, మన సీనియారిటీ చూడదు. పాత్ర కోపాన్ని మనిషి కోపం అనుకోవద్దు. అసలు పేరు, చిరునామా, ఫోను నంబరు, పెన్షను వివరాలు, బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. ఎవరైనా డబ్బు ప్రస్తావన తెస్తే మాట పెంచకుండా ఆట నడిపేవారికి తెలియజేయండి. నేను రాత్రి తొమ్మిది దాటితే కూర్చోను. అది డాక్టరుగారి ఆజ్ఞ.

మరొక్క మాట చెప్పి ముగిస్తాను. పోయిన సంక్రాంతికి మా మనవడి ఆటలో కొత్త పాత్ర ఒకటి చేరింది. రేవు ఒడ్డున పుస్తకాల కొట్టు నడిపే ఆవిడ. తెలుగు ఎంతో అందంగా రాస్తుంది. ఎవరని నేను అడగలేదు, మావాడు చెప్పలేదు. ఆవిడ కొట్టు ముందు సరంగు రోజూ పడవ ఆపుతాడు. పుస్తకం ఎంపిక మాత్రం ఆవిడకే వదిలేస్తాడు.